వెన్నుపూసకు సిమెంటు వేశారు – మిగిలిన పూసల మాటేమిటి?

ఇంట్లో పెద్దవారి నడుము వంగితే "వయసు మీద పడింది" అనుకొని ఊరుకోవడం మన కుటుంబాలలో తరతరాల అలవాటు. నిజానికి అనేక సందర్భాలలో నడుము వంగడానికి కారణం వయసు మాత్రమే కాదు. లోపల వెన్నుపూస ఒకటి నలిగి కుంగిపోయి ఉంటుంది. ఎముకలు గుల్లబారే ఈ వ్యాధిని ఆధునిక వైద్యులు ఆస్టియోపోరోసిస్ అంటారు. నలిగిన పూసలోనికి సూది ద్వారా ఎముక సిమెంటును ఎక్కించే చికిత్స నేడు మన నగరాలలో అందుబాటులో ఉన్నది.

మా చిలుకూరు సూర్యాపేట జిల్లాలో కోదాడకు చేరువన ఉన్నది. హైదరాబాదు దగ్గరి బాలాజీ దేవాలయం గల చిలుకూరు వేరు. ఇక్కడివారు పెద్ద వైద్యం కొరకు ఇటు విజయవాడకో, అటు హైదరాబాదుకో వెళ్తారు. ఆ విధంగా సిమెంటు వేయించుకొని వచ్చిన వృద్ధులు కొందరు నా వద్దకు కూడా వస్తున్నారు. వారి ఇంటివారు అడిగే ప్రశ్న సాధారణంగా ఒకటే. "సిమెంటు పోసిండ్రు గదా అయ్యా, మళ్ల ఇంకో పూస ఎట్ల ఇరిగింది?"

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. సమాధానంలోని సారాంశాన్ని ముందుగానే మనవి చేస్తున్నాను. సిమెంటు ఒక్క పూసను పట్టి నిలుపుతుంది. వ్యాధిని నిలపదు.

పూస ఎందుకు కుంగుతుంది?

వెన్నుపూస పైకి గట్టిగా కనిపించినా లోపల తేనెపట్టు వలె సన్నని గదులతో నిండి ఉంటుంది. ఆ గదుల గోడలే శరీరభారాన్ని మోస్తాయి. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో, డెబ్బయి దాటిన తరువాత పురుషులలో ఈ గోడలు పలుచబడి, కొన్ని చోట్ల తెగిపోతాయి. అప్పుడు బిందె ఎత్తినా, వంగి చాప చుట్టినా, ఒక్కోసారి గట్టిగా దగ్గినా పూస నలుగుతుంది. ముందుభాగం ఎక్కువగా కుంగి, పూస ముక్కోణపు చీలవలె తయారవుతుంది. వీపు చివర, నడుము ఆరంభంలో ఉండే పూసలకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఇటువంటి ఫ్రాక్చర్లలో అధికభాగం వైద్యుని దృష్టికి రానే రావు. "నడుము పట్టింది" అనుకొని తైలం రాసి ఊరుకొంటారు. యౌవనంలో ఉన్న ఎత్తుకన్న నాలుగు సెంటీమీటర్లు, అనగా ఒకటిన్నర అంగుళం మేర తగ్గినవారు తప్పక ఎక్స్‌రే తీయించుకోవలెను. అమ్మ చీర కుచ్చెళ్లు నేలకు జీరాడుతున్నాయంటే అది చీర దోషం కాకపోవచ్చును.

సిమెంటు చికిత్స అనగా ఏమి?

ఇది ఇల్లు కట్టే సిమెంటు కాదు. పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ఒక విధమైన ప్లాస్టిక్ పదార్థం. తుంటి కీలు మార్పిడిలో, దంతవైద్యంలో చాలాకాలంగా వాడుకలో ఉన్నది. 1984లో ఫ్రాన్సు దేశంలోని అమియాఁ నగరంలో గలిబెర్, డెరామాన్ అనే వైద్యులు మెడలోని ఒక పూసను కణితి తినివేయగా, దానిలో దీనిని మొదటిసారి నింపారు. గుల్లబారిన పూసలకు ఇది ఆ తరువాత విస్తరించింది. రోగిని బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెరపై చూస్తూ సూదితో కొద్ది మిల్లీలీటర్ల సిమెంటును ఎక్కిస్తారు. నిమిషాలలో గట్టిపడుతుంది. దీనికి వెర్టిబ్రోప్లాస్టీ అని పేరు. మొదట చిన్న బుడగను ఊది పూసను కొంత పైకి లేపి, తరువాత సిమెంటు నింపితే కైఫోప్లాస్టీ అంటారు.

నొప్పి విషయంలో దీని ఫలితంపై ఆధునిక వైద్యులలోనే వాదం ఉన్నది. 2009లో రెండు పరిశోధనలు వెలువడినాయి. కొందరికి నిజంగా సిమెంటు వేసి, మరికొందరికి వేసినట్లు నటించి చూడగా, ఇరువురిలో నొప్పి దాదాపు ఒకే విధంగా తగ్గింది. 2016లో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశీలనలో మాత్రం, ఆరు వారాలలోపు వచ్చిన కొత్త ఫ్రాక్చరుతో తీవ్రంగా బాధపడుతున్నవారికి మేలు కనిపించింది. 2018లో నెదర్లాండ్స్ పరిశోధకులు తిరిగి పరీక్షించగా, నటన చికిత్సకన్న అధిక లాభం కనబడలేదు. 2019లో అమెరికాలోని ఎముకల పరిశోధకుల సంఘం దీనిని అందరికీ మామూలు చికిత్సగా చేయరాదని సూచించింది. కనుక పడకనుండి లేవలేనంత నొప్పి ఉండి, విశ్రాంతికి, మందులకు లొంగనప్పుడు, తగిన నిపుణుడు ఆలోచించి ఎంచుకొనే చికిత్సగా దీనిని గ్రహించవలెను.

కొత్త ఫ్రాక్చరు సిమెంటు దోషమా?

పక్క పూస విరిగితే ఇంటివారి అనుమానం వెంటనే సిమెంటు మీదికి పోతుంది. ఈ అనుమానంలో కొంత న్యాయం ఉన్నది. సిమెంటుతో బిగిసిన పూస రాయివలె మారగా, దాని పైన, కింద ఉన్న మెత్తని పూసలపై ఒత్తిడి పెరగవచ్చును. సిమెంటు పూసల మధ్యనున్న డిస్కులోనికి కారినచో పక్క పూసకు ప్రమాదం ఎక్కువని పలువురు వైద్యులు గమనించారు.

అయితే రెండవ వైపు కూడా చూడవలెను. నెదర్లాండ్స్, బెల్జియం దేశాలలో 202 మందిపై జరిగి, 2010లో వెలువడిన పరిశోధనలో, సిమెంటు వేసినవారికీ, మందులతోనే ఉంచినవారికీ కొత్త ఫ్రాక్చర్ల విషయంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అంతకు ముందు 2001లో ప్రచురితమైన మరొక పరిశీలన ఇంకా ముఖ్యమైనది. వెన్నుపూస కొత్తగా విరిగిన స్త్రీలలో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏడాది తిరగకుండానే మరొక పూస విరిగింది. అందు సిమెంటు ప్రసక్తి లేదు. అనగా మొదటి పూస విరగడమే రెండవ దానికి హెచ్చరిక. సిమెంటు వేసినా, వేయకున్నా మొదటి ఫ్రాక్చరు తరువాతి సంవత్సరం అత్యంత జాగ్రత్తగా ఉండవలసిన కాలం.

దీనికి కారణాలు సులభంగానే బోధపడతాయి. గుల్లబారినది ఒక్క పూస కాదు, వెన్ను మొత్తం. ఒక పూస కుంగగానే శరీరభారం ముందుకు జరిగి, మిగిలిన పూసల ముందుభాగాన్ని నొక్కుతుంది. మూడవ కారణం మన ఇళ్లలో మరీ ఎక్కువ. నొప్పి పోగానే అమ్మ తిరిగి కత్తిపీట ముందు కూర్చుంటుంది.

ఒక కుటుంబం కథ

మా మండలంలోని ఒక గ్రామం నుండి అరవై ఎనిమిది ఏళ్ల ఇల్లాలిని ఆమె కుమారుడు తీసుకొని వచ్చాడు. నాలుగు నెలల క్రితం నీళ్ల బకెట్టు ఎత్తుతూ పూస విరిగితే, నగరంలో సిమెంటు వేయించారు. మూడవ నాటికే నడిచింది. ఇంటివారు సంతోషించారు. ఇప్పుడు మళ్లీ అదే నొప్పి, కొంచెం పైన. వైద్యుడు మోసం చేశాడని కుమారుని కోపం.

ఆసుపత్రివారు ఇచ్చిన కాగితం ఉన్నదా అని అడిగాను. సంచిలోనుండి తీశాడు. ఇంగ్లీషులో ఉన్నది. వెంట వచ్చిన మనుమరాలిచేత చివరి వరకు చదివించాను. ఎముకల సాంద్రత పరీక్ష చేయించవలెననీ, ఎముకబలానికి మందు ప్రారంభించుటకు రెండు వారాలకు తిరిగి రావలెననీ ఆఖరి వరుసలో వ్రాసి ఉన్నది. నొప్పి లేదు గనుక ఎవరూ వెళ్లలేదు. ఆ వరుసను అంతవరకు ఎవరూ చదవలేదు కూడా. "నాకు బాగానే ఉన్నది గదా, పిల్లలకు ఖర్చెందుకని నేనే వద్దన్న" అన్నది ఆ తల్లి. పైగా ఈ నాలుగు నెలలూ ఉబ్బసానికి ఎవరో ఇచ్చిన స్టెరాయిడు మాత్రలు మింగుతున్నది. అవి ఎముకను తినివేసే మందులలో ముఖ్యమైనవి.

వారిని తిరిగి ఎముకల వైద్యుని వద్దకే పంపించాను. పరీక్షలు జరిగి, మందు ప్రారంభమైనది. ఉబ్బసం మందును ఆ వైద్యుడే క్రమంగా మార్చాడు. స్టెరాయిడును ఒక్కసారిగా మానివేయుట ప్రాణాపాయం కనుక, పాఠకులెవ్వరూ స్వయంగా ఆ పని చేయరాదు. ఆహారం, నడవడి విషయాలు మాత్రం నేను చెప్పాను. ఇంటింటికీ అవసరమైన ఆ విషయాలనే క్రింద వివరిస్తున్నాను.

ఆయుర్వేద దృష్టి

గురుకులంలో సుశ్రుత సంహిత వల్లించిన నాడు ఎముక విరుపులు పన్నెండు విధాలని, సంధులు తొలగుట ఆరు విధాలని కంఠస్థం చేశాము. తొడ, పిక్క విరిగినవారితో పాటు పృష్ఠవంశం, అనగా వెన్ను దెబ్బతిన్నవారిని కూడా కదలకుండా బల్లపై పడుకోబెట్టే ‘కపాటశయన’ విధానాన్ని సుశ్రుతుడు చెప్పాడు. యౌవనంలో నెల రోజులలో అతికే ఎముక, నడివయసులో రెండు నెలలు, వార్ధక్యంలో మూడు నెలలు తీసుకొంటుందని కూడా ఆయన చెప్పాడు. తొందరపడి పనిలో దిగే మనకు ఈ కాలగణన నేటికీ పాఠమే.

వాగ్భటాచార్యుడు ఎముక గుల్లబారుటను ‘సౌషిర్యం’ అనే మాటతో మజ్జాక్షయ లక్షణాలలో పేర్కొన్నాడు. వాతానికి అస్థిధాతువే నివాసం. వాతం పెరిగితే అస్థి తరుగుతుంది. కాబట్టి ఆయుర్వేదంలో చికిత్స ఒక్క పూసకు కాదు, ధాతువుకు. పాలు, నెయ్యి, తిక్తద్రవ్యాలతో చేసే వస్తికర్మను శాస్త్రం ఇందుకే విధించింది. దానిని వైద్యుని పర్యవేక్షణలోనే చేయించుకోవలెను. కొత్తగా పూస విరిగి, నొప్పి తీవ్రంగా ఉన్న వారాలలో అటువంటి కర్మలకు రోగిని కదిలించరాదు.

చేయరానివి

1. ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుము తన్నించుకోవడం, పిల్లలచేత వీపు తొక్కించుకోవడం మన పల్లెలలో ఇంకా ఉన్నది. గుల్లబారిన వెన్నుకు ఇది పరమ ప్రమాదం. ఒక పూస నొప్పితో పోయినవారు రెండు పూసల నొప్పితో రావచ్చును.

2. పుత్తూరు కట్టు వంటి కట్లకు చేయి, కాలు విరుపులలో జనాదరణ ఉన్నది. నలిగిన పూసను మాత్రం ఏ కట్టూ లేపలేదు. నాటు విధానంలో వెన్నును లాగడం, విరవడం తగదు.

3. విరిగినచోట గట్టి మర్దన కూడదు. క్షీరబలా తైలం వంటివి గోరువెచ్చగా, వేళ్ల బరువు పడకుండా పూసి, పలుచని వస్త్రంతో కాపడం పెడితే చాలును.

4. ముందుకు వంగే ఆసనాలు, అనగా పశ్చిమోత్తానం, పాదహస్తం, హలాసనం వెంటనే మానవలెను. సూర్యనమస్కారాలలో కూడా ముందుకు వంగే భంగిమలు ఉన్నవని మరువరాదు. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఈ వ్యాధిగల 59 మంది స్త్రీలను పరిశీలించారు. ముందుకు వంగే వ్యాయామం చేసినవారిలో 89 శాతం మందికి కొత్తగా పూసలు కుంగగా, వీపును వెనుకకు నిలిపే వ్యాయామం చేసినవారిలో 16 శాతం మందికే కుంగినాయి. యోగం మంచిదే. ఏ ఆసనం ఎవరికి అనునది తెలిసి చేయవలెను.

5. బరువైన బిందె, బియ్యం మూట, మనుమడు – ఈ మూడింటినీ నేలమీదినుండి ఎత్తరాదు. మనుమని ఒడిలోనికి ఇతరులు అందించవలెను.

6. బస్సులో వెనుక సీటు, గుంతల దారిలో ఆటో ప్రయాణం మానవలెను. ఒక్క కుదుపు చాలును.

7. పేరు లేని పొట్లాలలో వచ్చే ‘కీళ్లవాతపు చూర్ణాలు’ ఒక్క రోజులో నొప్పి తీసివేస్తే అనుమానించవలెను. కొందరు వాటిలో స్టెరాయిడు కలుపుతారు. ఆయుర్వేద వైద్యునిగా ఈ మాట చెప్పుట నా ధర్మం.

ఇంటిలో చేయవలసిన మార్పులు

మంచం దిగేటప్పుడు నేరుగా లేవక, ముందు ఒక ప్రక్కకు ఒత్తిగిలి, కాళ్లు దించి, చేతి ఊతతో కూర్చొని, తరువాత నిలబడవలెను. వంట, కూరలు తరగడం నిలువు గట్టుపై చేసుకోవలెను. చీపురుకు పొడవాటి కర్ర కట్టవలెను. వాకిట ముగ్గు కొన్నాళ్లు కోడలో కూతురో వేయవలెను. కుర్చీ వంటి మరుగుదొడ్డి, దాని పక్కన పట్టుకొనే కడ్డీ, స్నానాల గదిలో జారని చాప, రాత్రి చిన్న దీపం – ఇవి సిమెంటుకన్న చవక. కంటి శుక్లాలు ఉంటే ఆపరేషను చేయించవలెను. నిద్రమాత్రలు, రక్తపోటు మందుల వలన తూలు వస్తుంటే వైద్యునికి చెప్పవలెను.

నొప్పి తగ్గినకొద్దీ నడక పెంచవలెను. నెలల తరబడి మంచం పట్టుట కూడా ఎముకను తరిగిస్తుంది. గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడి, భుజాలు వెనుకకు తీసి పది ఊపిరులు ఉండుట తేలికైన అభ్యాసం. దీనిని కూడా వైద్యుని అనుమతితోనే ఆరంభించవలెను.

ఆహారం, నీరు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావలెను. తెల్లబియ్యపు అన్నం, చారు, పచ్చడితో ఇది సమకూడదు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350, నూరు మిల్లీలీటర్ల పాలలో సుమారు 120, నూరు గ్రాముల నువ్వులలో వేయికి పైగా మిల్లీగ్రాములు ఉంటాయి. ఉదయం రాగి అంబలి, రెండు పూటలా పెరుగు లేక మజ్జిగ, రోజుకొక నువ్వుల ఉండ, మునగాకుతోనో అవిసాకుతోనో పప్పు – ఇది మన ఇంటి మందు. రాగులను నానబెట్టి మొలకెత్తించి, లేదా పులియబెట్టి వాడితే కాల్షియం బాగా ఒంటబడుతుంది. పప్పు, గుడ్డు వంటి మాంసకృత్తులు కూడా తగ్గరాదు. మూత్రపిండాల వ్యాధి, రాళ్లు ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి తీసుకోవలెను.

ఎముక విరిగినవారు ఉప్పు, పులుపు, కారం, క్షారం వర్జించవలెనని సుశ్రుతుని ఆదేశం. ఉప్పు ఎక్కువైతే మూత్రం ద్వారా కాల్షియం పోతుందని నేటి శాస్త్రమూ చెప్తున్నది. రెండు శాస్త్రాలూ మన ఆవకాయ జాడీవైపే వేలు చూపుతున్నాయి.

ఎండ సంగతి. తిరుపతిలోని స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన పరిశీలనలో, పొలాలలో తిరిగే పల్లెవారిలో సైతం విటమిన్ డి లోపం విస్తారంగా కనబడింది. ఆహారంలో కాల్షియం కూడా తక్కువే. ఎండ తగలనివ్వడం మంచిదే గాని, అదే చాలునని భావించక రక్తపరీక్ష చేయించుకొని, లోపమున్నచో వైద్యుడు చెప్పిన మోతాదులో విటమిన్ డి తీసుకోవలెను.

మా పూర్వపు నల్లగొండ జిల్లావారికి నీటి విషయం ప్రత్యేకం. ఫ్లోరైడు ఎక్కువైన నీరు ఏళ్ల తరబడి త్రాగినవారి ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా, పెళుసుగా ఉండవచ్చును. అట్టివారిలో ఎముక సాంద్రత పరీక్ష కూడా లేని బలాన్ని చూపవచ్చును. కనుక ఆ సంగతి వైద్యునికి ముందే తెలుపవలెను. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణం. కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. బోరునీటిని పరీక్ష చేయించి, శుద్ధజలమే వాడవలెను.

సహాయక గృహౌషధాలు

నల్లేరును శాస్త్రం ‘అస్థిసంహారకం’ అన్నది. ఇచ్చట సంహారమనగా నాశనం కాదు, ఎముకను కలిపేది అని అర్థం. లేత కణుపులను చేతికి నూనె రాసుకొని ఈనెలు తీసి, నూనెలో బాగా వేయించి, కొద్ది చింతపండు, నువ్వులు చేర్చి పచ్చడి చేసుకొనవచ్చును. వేగనిచో నోరు దురదపెడుతుంది. వారానికి రెండు మూడు సార్లు చాలును.

తెల్లమద్ది బెరడు పొడి 10 గ్రాములు, పాలు 80 మిల్లీలీటర్లు, నీరు 320 మిల్లీలీటర్లు కలిపి, పాలు మాత్రమే మిగులునట్లు సన్నని మంటపై కాచి వడగట్టి రాత్రి త్రాగుట మరొక విధానం. గుండెజబ్బుకు, రక్తం పలుచబడుటకు మందులు వాడేవారు వైద్యుని అడుగక వాడరాదు.

ఇవన్నీ సహాయకాలు. ఒకసారి పూస విరిగినవారికి మరొకటి విరగకుండా కాపాడు మందులు ఆధునిక వైద్యంలో ఉన్నవి. వారానికొకసారి మింగే అలెండ్రోనేట్, ఏడాదికొకసారి రక్తనాళంలోనికి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం, నిత్యం ఇంజెక్షనుగా తీసుకొనే టెరిపరటైడ్ అట్టివి. నల్లేరు తింటున్నామని వాటిని మానరాదు. ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షను విషయంలో మరీ జాగ్రత్త అవసరం. దానిని మధ్యలో ఆపివేస్తే ఒకేసారి అనేక పూసలు విరిగిన సందర్భాలు ఉన్నవి. తేదీని గోడ క్యాలెండరుపై వ్రాసుకోవలెను.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

సిమెంటు వేసిన తరువాత కొత్త చోట అకస్మాత్తుగా నొప్పి వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, జ్వరం ఉన్నా, ఊపిరి ఆడకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, బరువు తగ్గుట ఉంటే క్షయ, క్యాన్సరు వంటివి పూసను తినివేస్తున్నవేమో పరీక్షించవలెను. కుంగిన ప్రతి పూసా వయసు వలననే కుంగదు.

సిమెంటు వేయించుకొని ఇంటికి వచ్చిన నాడే కుటుంబంలో ఒకరు ఆసుపత్రి కాగితాన్ని చివరి వరుస దాకా చదివి, పెద్దవారికి తెలుగులో చెప్పవలెను. ఎముకబలానికి మందు ఏది, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు రావలెను – ఈ మూడు ప్రశ్నలకు సమాధానం లేకుండా ఆసుపత్రి గడప దాటరాదు. నొప్పి పోయిన రోజు చికిత్స ముగిసిన రోజు కాదు. మిగిలిన పూసల రక్షణ ఆ రోజే ఆరంభం కావలెను.